మేడ మీది తెల్ల సింకు

ఆ రోజు పొద్దున పోతులయ్య వేసుకున్న లెక్క చిన్నది. మేడ మీద సింకు తుడవాలి. కొరియా వాళ్ళు వస్తే చూపించాలి. వాళ్ళు సరేనంటే కిందికొచ్చి సంగటి తిని పడుకోవాలి.

పెనుకొండలో అతని ఇంటి మీద ఆ మేడ లేచి రెండేళ్ళయింది. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ వాళ్ళు అద్దెకు వస్తారని కట్టాడు. వాళ్ళు రాలేదు. పావురాలు వచ్చాయి. వీధిలో వాళ్ళు దానికి పావురాల మేడ అని పేరు పెట్టారు. ఈ నెల కూడా ఎవరూ చేరకపోతే అందులో వేరుశనగ కాయలు పోయిస్తానని భార్య అనసూయమ్మ తేల్చి చెప్పింది.

అలాంటప్పుడు హాన్ అనే కొరియా ఇంజనీరూ, ఆయన భార్యా వచ్చి చూశారు. అనసూయమ్మ అన్న కూతురు శైలజ ఆ ఫ్యాక్టరీలోనే పని చేస్తుంది. ఇటు మాట అటూ, అటు మాట ఇటూ ఆమే చెప్పింది.

"ఇల్లు నచ్చిందంట మామా. క్యాబేజీలు కడిగి ఉప్పులో ఊరబెట్టేదానికి పెద్ద తొట్టి మాదిరిది కావల్లంట. అది పెడితే చేరతారంట."

వంటగదిలో బండ పరిచి, కుళాయి పెట్టి, సింకు దగ్గర పని ఆగి ఉంది. పెద్ద సింకు అడుగుతున్నారని పోతులయ్య అనుకున్నాడు. హిందూపురంలో పాత సామాన్లు అమ్మే నూరుల్లా దగ్గరికి పోయాడు. బెంగుళూరులో ఏదో పాత బంగళా పడగొడితే వచ్చిన సింకు అక్కడ ఉంది. పోత ఇనుముది. పైన పాలమీగడ లాంటి తెలుపు. అందులో ఒక దూడను పడుకోబెట్టొచ్చు. నలుగురు మోసి మేడ ఎక్కించారు. దింపాక ఆ నలుగురూ కూలి అడగడం మరిచి దాన్నే చూస్తూ నిలబడ్డారు. మేస్త్రీ రామాంజి నిన్ననే దాన్ని బండలో కూర్చోబెట్టాడు.

పోతులయ్య తుడవడం అయిపోయే సరికి అతని తల్లి దాసమ్మ టెంకాయ పట్టుకుని మెట్లెక్కింది.

"కొత్త వస్తువుకు టెంకాయ కొట్టకుండా యాడన్నా వాడతారా?"

"తుడిచి పెట్టినా మా. ఇప్పుడొద్దు."

"నువ్వు గమ్మునుండు."

ఆమె సింకు అంచంతా పసుపు పూసింది. కుంకుమ పెట్టింది. కింద అయితే వాకిటి రాయి మీద కొట్టేది. మేడ మీద రాయి లేదు. చుట్టూ చూసింది. అక్కడున్న వాటిలో అన్నిటికంటే గట్టిది సింకే. దాని అంచు మీదే కొట్టింది.

టెంకాయ సరిగ్గా రెండు చెక్కలయింది. ఇంత సమంగా తన జన్మలో పగల్లేదని దాసమ్మ మురిసిపోయింది. అప్పుడు అత్త వెనకే మెట్లెక్కి వచ్చిన అనసూయమ్మ వంగి, నేల మీద నుంచి కోడిగుడ్డు పెంకు లాంటి తెల్ల ముక్క ఒకటి తీసింది.

అంచు మీద రూపాయి బిళ్ళంత మేర పొర లేచిపోయింది. కింద నల్లగా ఇనుము కనిపించింది. అక్కడ నుంచి లోపలికి వెంట్రుక లాంటి గీత ఒకటి దిగింది. ఆ తెలుపు అడుగుదాకా తెలుపే అనుకున్నారు ముగ్గురూ.

"లోపల లింగం మాదిరి నల్లగా ఉండాదే," అంది దాసమ్మ మెల్లగా.

పోతులయ్య నూరుల్లాకు ఫోను చేశాడు.

"ఏమప్పా, ఇనుముకు సున్నం కొట్టి అమ్మినావా నాకు?"

"సున్నం యాడిది? ఇనుము మీద గాజు కరిగించిన పొర అది. కొలిమిలో కాల్చిండేది. నేను ధర్మవరంలో ఉండా, మా పాప నిషాత్ పెండ్లి చీరలకు వచ్చిండాం. ఏమైంది చెప్పు."

"మాయమ్మ టెంకాయ కొట్టింది."

"సింకు మీదనా?"

"సింకు మీదే."

అవతల కాసేపు చీరల బేరం మాత్రమే వినిపించింది. తర్వాత నూరుల్లా అన్నాడు. "చీలింది పొరా, ఇనుమా చూడల్ల. వేలి కణుపుతో తట్టు. ఫోను దగ్గర పెట్టు."

పోతులయ్య తట్టాడు. సింకు ఖంగుమంది. ఆ మోత గదంతా తిరిగి, మెట్ల మీదుగా దిగి వీధిలోకి పోయింది. కింద పడుకున్న కుక్క లేచి నిలబడింది.

"ఇంకొకసారి కొట్టప్పా," అన్నాడు నూరుల్లా. అమ్మింది తనే అయినా అతని గొంతు కూడా తగ్గింది. "ఇనుముకు ఏమీ కాలేదు. పగిలింటే ఓటి కుండ మాదిరి పలికేది. పైపొరే పోయింది. తడి లేకుండా తుడిచి పెట్టు, తుప్పు పడితే పక్క పొర కూడా లేస్తాది. రెండు ట్యూబులు కలిపి పూసే మందుండాది, సాయంత్రం తెస్తా. అంతవరకూ ఎవురూ ముట్టద్దండి."

పోతులయ్య సరేనన్నాడు. అతను ఫోను జేబులో పెట్టేలోగా అనసూయమ్మ ముట్టేసింది. అత్త వక్కాకు సంచిలోని సున్నం వేలితో తీసి నల్ల మచ్చ మీద దట్టంగా రాసింది. పసుపు మీద సున్నం పడితే ఏమవుతుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆ క్షణంలో ఎవరికీ గుర్తు రాలేదు. అంచు నెత్తురులాగా ఎర్రబడి, ఎరుపు ఆ గీత వెంట లోపలికి కారింది.

"టెంకాయతో నువ్వు కొడితివి, సున్నంతో నేను చంపితిని అత్తా," అంది అనసూయమ్మ.

రామాంజిని పిలిపించారు. అతను వచ్చి చూసి, చెప్పులు బయట విడిచి మళ్ళీ లోపలికి వచ్చాడు.

"ఇదేమన్నా పెద్ద పనా అన్నా? రోంత రుద్దితే పోతాది."

మొజాయిక్ నేలలు అరగదీసే రాయితో రుద్దాడు. ఎరుపు పోయింది. దాంతోపాటు తెలుపూ పోయింది. రూపాయి బిళ్ళంత మచ్చ అన్నం పళ్ళెమంత అయింది.

"ఏమబ్బా, రోంత అంటివి?" అన్నాడు పోతులయ్య.

"ఇట్ల చేస్తాం. పైకెత్తి తిప్పి పెట్టేద్దాం. మచ్చ గోడ పక్కకు పోతాది. వాళ్ళు గోడలోకి తల పెట్టి చూస్తారా?"

నలుగురు కావాలి. వీధిలో గొర్రెలు తోలుకుని పోతున్న ఇద్దరిని కేకేశారు. వాళ్ళు గొర్రెలను వాకిట్లో వదిలి పైకి వచ్చారు. సింకును చూసి కర్రలు పక్కన పెట్టి దండం పెట్టారు. ఏ దేవుడని అడిగారు. చెప్పేంత తీరిక ఎవరికీ లేకపోయింది.

నలుగురూ పట్టి లేపారు. సగం తిప్పారు. అక్కడ ఒకరి చేతికి పసుపు తగిలి పట్టు జారింది. సింకు బండ మీద పడింది. బండ రెండయింది. సింకు ఆగలేదు. తిన్నగా నేల మీదికి దిగి, రెండు టైల్సును పిండి చేసి, గది నడుమ కదలకుండా కూర్చుంది. కిటికీ అద్దాలు చాలాసేపు గలగలలాడాయి.

ఎవరి కాళ్ళూ దాని కింద లేవు. రామాంజి మోకాళ్ళ మీద వంగి సింకు చుట్టూ తిరిగాడు.

"అన్నా, కొత్తగా ఒక్క గీత పడలేదు."

మళ్ళీ ఎత్తబోయారు. ఈసారి అది లేవలేదు. దాసమ్మ దాని ముందు ఊదుబత్తి వెలిగించి, తప్పయింది తల్లీ అని చెంపలు వేసుకుంది. గొర్రెల వాళ్ళు కూడా వేసుకున్నారు. పోతులయ్య పగిలిన బండ వైపు, కిటికీలోంచి కనిపించే పావురాల వైపు చూశాడు. వేరుశనగ కాయలు ఏ గదిలో పోస్తే బాగుంటుందో ఆలోచించాడు. అతనూ చేతులు జోడించాడు.

అప్పుడే కారు వచ్చింది. హాన్ దంపతులు శైలజ వెనుక గొర్రెల మధ్యలో నుంచి దారి చేసుకుని పైకి వచ్చారు. గుమ్మంలో ఆగారు. గది నడుమ సింకు. పసుపు, కుంకుమ, పొగ. చుట్టూ చేతులు జోడించిన మనుషులు. హాన్ మెల్లగా బూట్లు విప్పి, నడుము వంచి సింకుకు నమస్కారం చేశాడు.

"ఏంది మామా ఇది?" అంది శైలజ.

పోతులయ్య దాచలేదు. మచ్చ మీద వేలు పెట్టి చూపించాడు. "ఈడ దెబ్బ తగిలింది. సాయంత్రం మందు పూస్తాం. ఇష్టం లేకుంటే పోవచ్చని చెప్పు పాపా."

శైలజ చెప్పింది. హాన్ భార్య వినీ విననట్టు ముందుకు వచ్చింది. సింకు ముందు నేల మీద గొంతుక్కూర్చుంది. రెండు చేతులూ మోచేతుల దాకా లోపలికి పెట్టి చూసింది. కణుపుతో ఒకసారి తట్టింది. మోత విని కళ్ళు మూసుకుంది. లేచి చాలాసేపు మాట్లాడింది.

"నేల మీద కూర్చుని క్యాబేజీలు కడిగేదానికి వాళ్ళమ్మ దగ్గర కూడా ఇట్లాంటి తొట్టే ఉండేదంట," అంది శైలజ. "ఆ పొద్దు అడిగింది ఇదేనంట. కిందనే పెట్టినారు, అర్థం చేసుకున్నారని సంతోషంగా ఉండాదంట. మందు ఆరినాకనే వాడుకుంటారంట. వచ్చే వారం చేరతారు."

దాసమ్మ కళ్ళొత్తుకుంది. రామాంజి ఇదంతా తన పనితనమే అన్నట్టు మీసం మీద చెయ్యి వేశాడు.

"ఇంకొకటి అడుగుతాండాది మామా. గిన్నెలు కడిగే సింకు ఎప్పుడు పెడతారని."

మర్నాడు స్టీలు సింకు వచ్చింది. రామాంజి దాన్ని చంకలో పెట్టుకుని, ఫోనులో మాట్లాడుకుంటూ మెట్లెక్కాడు. దానికి ఎవరూ దండం పెట్టలేదు.