నీటికుక్కలకు తూర్పు ముఖం ఇళ్లు

నీటికుక్కలు బతికి బట్టకట్టాలంటే కాంక్రీటు కావాలి! నవ్వకండి. బూర్గంపాడు దగ్గర మా వాగు ఒడ్డున వెలసిన నీటికుక్కల సంరక్షణ కమిటీకి అధ్యక్షుడి హోదాలో చెబుతున్నాను.

ఎన్నాళ్లని ఆ మూగజీవాలు బురద బొరియల్లో కాపురం చేస్తాయి? చేపలు పట్టడం, ఈదడం, ఇసుకలో దొర్లడం! ఇదీ ఒక బతుకేనా? సోఫా లేదు, సీలింగ్ ఫ్యాన్ లేదు!

అందుకే ఒడ్డున ఉన్న తుంగ, రెల్లు జేసీబీతో పీకించి, డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టించాం. టైల్స్ వేయించాం. గడపలకు పసుపు కూడా రాయించాం. మా కోశాధికారి చెంచురామయ్య గారు వాస్తు దగ్గర మాత్రం రాజీ పడలేదు. తలుపులన్నీ తూర్పుకే! వాగు పడమర ఉండటం వాగు తప్పు, మాది కాదు.

పక్క చేనులో మిర్చి వేసిన హేమ్లి ఊరుకోలేదు. "ఏంది సారూ, నీళ్లు అటుంటే తలుపులు ఇటు పెట్టిన్రు? అవి రోడ్డు మీదికెళ్లి తిరిగి పోవాల్నా?"

"నడక ఆరోగ్యానికి మంచిదమ్మా" అన్నాను.

ఇక మిగిలినవి నైరుతి మూలన పాత బొరియలు. ఒకదాంట్లో తల్లి, ఇంకా కళ్లు తెరవని కూనలు ఉన్నాయి. "నైరుతిలో గుంతలుంటే సంసారం నిలవదండీ" అని చెంచురామయ్య గారు కాంక్రీటు మిల్లరు తెప్పించారు.

"అయ్యో, పిల్లలున్నయ్ సారూ! పూడ్వకున్రి!" అని హేమ్లి మొత్తుకుంది. గృహప్రవేశం ముహూర్తం దాటిపోతోంది మరి! కమిటీ ఏకగ్రీవంగా పూడ్చేసింది.

పాలు పొంగాయి. సౌండ్ బాక్సులు మోగాయి. ఇంటివాళ్లే రాలేదు! ఊరకుక్కలు వచ్చి టైల్స్ మీద చల్లగా పడుకున్నాయి. వాటినే ఫొటో తీసి గ్రూపులో పెట్టాం.

అప్పుడు హేమ్లి నా చెవిలో చెప్పింది. "మిల్లరు సప్పుడు ఇనంగనే తల్లి ఒక్కో పిల్లను నోట కరుసుకొని ఈదుకుంట పోయింది సారూ. అన్నీ బతికే ఉన్నయ్." ఎటు పోయాయో కూడా చెప్పింది. హమ్మయ్య అనుకున్నాను. అదేమిటో, అధ్యక్షుడి కళ్లు కూడా చెమర్చాయి.

కమిటీకి మాత్రం తల కొట్టేసినట్టయింది. "ఎక్కడికి పోతాయండీ! అక్కడే కట్టిద్దాం!" అన్నారు చెంచురామయ్య గారు. అందరూ నావైపు చూశారు.

"అశ్వారావుపేట పామాయిల్ తోటల్లోకి పోయాయి. గట్టి సమాచారం" అన్నాను. అధ్యక్షుడి మాట కదా, నమ్మారు!

మిల్లరుతో, మేస్త్రీతో కమిటీ ఇప్పుడు ఆ తోటల్లో వెతుకుతోంది. ఇంకా లోపలికి వెళ్లండని నేను ఫోన్లో ప్రోత్సహిస్తున్నాను. నీటికుక్కల సంరక్షణకు ఇంతకంటే మంచి కార్యక్రమం మా కమిటీ ఇంతవరకు చేపట్టలేదు!