శుక్రవారం సాయంత్రం విముక్తి

మా సెయింట్ బెరిల్ దీవికి ఇంకా పూర్తిగా విముక్తి రాలేదన్న సంగతి మంత్రిగారు రేడియోలో చెప్పేదాకా మాకెవరికీ తెలియదు.

"జాతి గుండెల మీద ఇంకా ఒక తెల్లదొర నిలబడి ఉన్నాడు. ఈ శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఆయన్ని నా చేతులతో పడగొడతాను. ప్రజలు తండోపతండాలుగా తరలిరావాలి. వచ్చేవాళ్లు ఉతికిన బట్టలు వేసుకురావాలి" అన్నారు గౌరవనీయులు థియోఫిలస్ జాన్‌బాప్టిస్ట్ గారు. ఆయన మా సంస్కృతి, పర్యాటక, జాతి గౌరవ శాఖల మంత్రి. మూడు శాఖలూ ఒకే గదిలో ఉంటాయి.

నా పేరు గాస్టన్. విమానాశ్రయం నుంచి రిసార్టుకి మినీబస్సు నడుపుతాను. పెద్దవాళ్ల ఘనకార్యాలు దగ్గర్నుంచి చూసే భాగ్యం డ్రైవర్లకి దక్కినట్టు ఇంకెవరికీ దక్కదు.

మంత్రిగారు చెప్పిన తెల్లదొర ఒకప్పటి మా గవర్నరు, సర్ ఆంబ్రోస్ ట్రెడ్‌గోల్డ్. మా ఊరు పెటిట్ ఆన్స్ ఒడ్డున పాలరాతి విగ్రహమై, సముద్రం తన సొంతమన్నట్టు చెయ్యి చాచి నిలబడి ఉంటాడు. మా ముత్తాతల ముత్తాతలు ఆయన చెరకు తోటల్లో పనిచేశారు. జీతాల పేచీ ఎప్పుడూ రాలేదు. తోటతో పాటు మనుషుల్ని కూడా ఆయనే కొనుక్కున్నాడు మరి. ఇప్పుడు అదే తోటలో ఆయన పేరు మీదే ట్రెడ్‌గోల్డ్ బే రిసార్టు వెలసింది. పాత చక్కెర మిల్లులో అతిథులకి నూనెపెట్టి ఒళ్లు పడతారు. సంకెళ్లు తగిలించిన వరండాలో టిఫిన్లు పెడతారు.

రిసార్టు వాళ్లు పోయినేడు తీరం పొడుగునా గోడ కట్టారు. అతిథులకి మా ఊరు కూడా కాస్త కనబడాలని గోడ మధ్యలో ఒక పెద్ద ఇనపచువ్వల కిటికీ పెట్టారు. మా జాలర్లు పడవలు ఇసకలోకి లాక్కొచ్చే దారి మాత్రం మూతబడింది. ఇప్పుడు వాళ్లు అవతల రాళ్ల మధ్య దిగాలి. సముద్రం దయతలిస్తే దిగుతారు. లేకపోతే రాళ్లే దింపుకుంటాయి.

ఈ విషయం మాట్లాడదామని టాంటీ యుడాక్సీ మంత్రిగారి దగ్గరికి వెళ్లింది. టాంటీ అంటే మాకు అత్త. చేపలమ్మే యుడాక్సీ ఊరందరికీ టాంటీయే, చిన్నప్పుడు మంత్రిగారి ముక్కు కూడా తుడిచింది. నా బస్సులోనే వెళ్లింది కాబట్టి ఆ సంభాషణ వినే అదృష్టం నాకు పట్టింది.

"ఒరే థియో, ఆ గోడకి ఓ గేటన్నా పెట్టించరా. మావాళ్లు రాళ్ల మీద చస్తున్నారు."

"టాంటీ, ముందు గౌరవం. తర్వాతే దారి. గౌరవం ఉన్న జాతికి దారితో పనేముంది?"

"అయితే పడవని గౌరవం మీద లాక్కురమ్మంటావా?"

"భేష్! మంచి మాటన్నావు. ప్రసంగంలో వాడుకుంటాను" అన్నారు మంత్రిగారు.

వాడుకున్నారు కూడా.

శుక్రవారం స్టీల్ డ్రమ్ములు మోగాయి. గవర్నరు మెడకి తాడు వేశారు. "శతాబ్దాల అవమానమా, దిగిరా!" అని మంత్రిగారు ఒక్క లాగు లాగారు. అవమానం కదల్లేదు. జాలర్లు ఆయన వెనక చేరి, వల లాగినట్టు పాట అందుకుని లాగాక అప్పుడు దిగింది. గవర్నరు ఇసకలో బోర్లా పడ్డాడు. కొందరు ముసలివాళ్లు నిజంగానే ఏడ్చారు. టాంటీ దగ్గరికెళ్లి, ఆయన చెంప మీద ఒక్కటిచ్చి, మండిన అరచెయ్యి చూసుకుని, "ఇన్నేళ్లూ రాయికా భయపడ్డాం!" అంది.

అప్పుడు కిటికీ అవతల నుంచి చప్పట్లు వినిపించాయి. అతిథులు ఈత బట్టల్లో, చేతుల్లో రమ్ము గ్లాసులతో నిలబడి ఉన్నారు. రిసార్టు మేనేజరు విట్‌కోంబ్ దొర చెమటలు కక్కుతూ పరిగెత్తుకొచ్చాడు.

"అద్భుతం మంత్రిగారూ! మావాళ్లంతా అడుగుతున్నారు. మళ్లీ ఆట ఎప్పుడు?"

మంత్రిగారు పడి ఉన్న గవర్నరుని చూశారు. చప్పట్లు కొడుతున్న అతిథుల్ని చూశారు. గొప్ప ఆలోచన పుట్టేముందు ఆయన చెవులు కదులుతాయి. కదిలాయి.

"వచ్చే శుక్రవారం. ఇదే టైముకి."

ఆ ఆదివారం రేడియోలో కొత్త జాతీయ విధానం ప్రకటించారు. "మిగతా దేశాలకి విముక్తి ఒక్కసారే వచ్చింది. వచ్చింది కదా అని వాళ్లు మర్చిపోయారు. మనం ఆ పొరపాటు చెయ్యం. వారం వారం విముక్తి పొందుతాం. వానొస్తే విముక్తి వాయిదా పడుతుంది."

శుక్రవారం గవర్నరు పడతాడు. శనివారం క్రేను వచ్చి లేపుతుంది. ఊరికే చూడ్డానికి ఒక టికెట్టు, తాడు పట్టుకోవడానికి ఇంకో టికెట్టు, పడ్డాక చెంపదెబ్బ కొట్టడానికి మరో టికెట్టు. గవర్నరుగారి దేశస్థులకి పశ్చాత్తాపం కింద రాయితీ.

ఊళ్లో ఉద్యోగాలు కూడా వచ్చాయి. నన్ను 'కోపోద్రిక్త పౌరుడు'గా తీసుకున్నారు. రిహార్సలు మంత్రిగారే స్వయంగా చేయించారు.

"గాస్టన్, నీ కోపంలో ఆతిథ్యం లేదయ్యా."

"కోపంలో ఆతిథ్యమేంటి సార్?"

"పిడికిలి బిగించు. పళ్లు కొరుకు. కానీ ఆ పళ్లు నవ్వుతున్నట్టుండాలి. పిల్లాపాపలతో వచ్చినవాళ్లు జడుసుకుంటారు."

నాకు వారంలో వచ్చేసింది. టాంటీని మాత్రం తీసుకోలేదు. "ఏదీ, కోపం చూపించు" అని మంత్రిగారు అడిగితే ఆమె ఆయన మొహంలోకి అలా చూస్తూ ఊరుకుంది. "ఎక్కువైంది" అని పంపించేశారు.

పాలరాయి ఎన్ని శుక్రవారాలని ఓర్చుకుంటుంది? ముందు ముక్కు పోయింది. తర్వాత చాచిన చెయ్యి పోయింది. చివరికి తల గోడ చివరి రాళ్ల దాకా దొర్లుకుంటూ వెళ్లి సముద్రంలో పడింది. దేశం సంక్షోభంలో పడింది. గవర్నరే లేకపోతే విముక్తి ఎలా?

మంత్రిగారు అధైర్యపడే మనిషి కాదు. గవర్నరుగారి దేశాన్ని సాయమడిగారు. వాళ్లు స్నేహపూర్వకంగా ఫైబర్‌తో కొత్త గవర్నరుని చేయించి ఓడలో పంపారు. నలుగురు మనుషులు అవలీలగా ఎత్తొచ్చు, పడితే పగలడు. ఆవిష్కరణకి వాళ్ల రాయబారి వచ్చాడు. జాతీయ గీతం పాడారు. మంత్రిగారు రాయబారి రెండు చేతులూ పట్టుకున్నారు.

"పడగొట్టడానికి కూడా సొంత గవర్నరు లేని పేద దేశం మాది. మీ పూర్వీకుణ్ణి మాకు తిరిగి ఇచ్చారు. ఈ మేలు మరువలేం."

గవర్నరు మెడలో పూలదండ వేశారు. నా పక్కన నిలబడ్డ టాంటీ గొణిగింది.

"ఒరే గాస్టన్, వీడు దొరని కూలుస్తున్నాడా, నిలబెడుతున్నాడా?"

"ఇవాళ గురువారం టాంటీ. కూల్చేది రేపు."

ఆ తర్వాత కొద్ది వారాలకి సముద్రం పొంగింది. టాంటీ చెల్లెలి కొడుకు అల్సీడ్ పడవ రాళ్లకి కొట్టుకుని ముక్కలైంది. వాళ్ల నాన్న కొండమీది మాను తొలిచి చేసిన పడవ అది. రాళ్ల మధ్య చిక్కుకుని అల్సీడ్ కాలు విరిగింది. నా బస్సులోనే ఆస్పత్రికి తీసుకెళ్లాను. టాంటీ వాడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వాడు కాలు గురించి ఒక్క మాట అడగలేదు.

"పెద్దమ్మా, చెక్కలు ఎవరన్నా ఏరారా?"

"ఏరార్రా. నువ్వు మాట్లాడకు."

అద్దంలో నా మొహం కనిపించింది. కోపంలో నాకు మంచి శిక్షణ ఉంది కదా, ఎంత ప్రయత్నించినా పళ్లు నవ్వలేదు.

ఆ శుక్రవారం జనం గుమిగూడారు. అతిథులు టికెట్లు కొనుక్కుని, ఎండకి రొయ్యల్లా ఎర్రబడి, తాడు పట్టుకుని గోడకి ఇవతల సిద్ధంగా ఉన్నారు. అంతలో ఊరివైపు నుంచి టాంటీ వచ్చింది. వెనకాల ఊరంతా ఉంది. అల్సీడ్ పడవ ముక్కల్ని శవాన్ని మోసినట్టు భుజాల మీద మోసుకొచ్చి మంత్రిగారి కాళ్ల ముందు దించారు.

"టాంటీ, ఇక్కడ కాదు. ఆఫీసుకి రా, మాట్లాడుకుందాం" అన్నారు మంత్రిగారు మెల్లగా. చేతిలో మైకుందని మర్చిపోయారు. అందరికీ వినిపించింది.

"ఏం మాట్లాడతావురా? ఈ ట్రెడ్‌గోల్డు మా వాళ్లని పశువుల్లా కొన్నాడు. కొరడాలతో కొట్టాడు. కానీ వాడు కూడా ఈ ఇసక మాకొదిలేశాడు. ఎందుకో తెలుసా? చేపలు పట్టుకుని మా తిండి మేమే తింటే వాడికి తిండి ఖర్చు మిగుల్తుందని. వాడి పిసినారితనం పాటి దయ కూడా నీకు లేదటరా థియో?"

అతిథుల చప్పట్లు దద్దరిల్లాయి.

"ఈ వారం నటుల్ని మార్చారు. చాలా నయం" అన్నాడొక పెద్దమనిషి. టొరంటో నుంచి వచ్చినావిడ రమ్ము గ్లాసులోకి కన్నీళ్లు కార్చింది.

టాంటీ ఆ చప్పట్లు విని వాళ్లవైపు తిరిగింది. వాళ్ల చేతుల్లో తాడు చూసింది. గవర్నరు మెడలోంచి ఉచ్చు ఊడదీసి, గోడ దగ్గరికి నడిచి, కిటికీ చువ్వలకి బిగించింది.

"లాగండమ్మా! లాగండయ్యా!"

డబ్బు కట్టినవాళ్లు కదా, ప్రాణం పెట్టి లాగారు. నేనూ ఓ చెయ్యి వేశాను. గోడ కట్టింది మంత్రిగారి బావమరిది కాబట్టి ఎక్కువసేపు లాగనక్కర్లేకపోయింది. కిటికీ వచ్చింది. కిటికీతో పాటు రెండు బస్సులు పట్టేంత గోడ వచ్చింది.

దుమ్ము అణిగేసరికి సముద్రం కనిపించింది. రాళ్ల దగ్గర తచ్చాడుతున్న పడవలు ఒక్కొక్కటే ముక్కు తిప్పి ఇసకలోకి వచ్చాయి. ఓ ముసలి జాలరి దిగి, వంగి, ఇసక పిడికిట్లోకి తీసుకుని అలాగే నిలబడిపోయాడు. గవర్నరు పక్కనే చెయ్యి చాచి నిలబడి ఉన్నాడు. ఆయన్ని పడగొట్టాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

"నా గోడ! మంత్రిగారూ, నా గోడ!" అని విట్‌కోంబ్ దొర లబోదిబోమన్నాడు.

మంత్రిగారు ఆయన భుజం తట్టి, చప్పట్లు ఆగేదాకా ఆగి, టాంటీ దగ్గరికొచ్చారు.

"టాంటీ, నిన్ను వద్దనడం నా పొరపాటే. ఏం కోపం! ఏం కోపం! వచ్చే శుక్రవారం కూడా ఇలాగే రావాలి నువ్వు."

"గోడే పోయాక నాకింక కోపం ఎందుకొస్తుందిరా?"

"రేపు మళ్లీ కడతాం కదా! ఆ చింత నీకొద్దు. నీకు కోపం తెప్పించే బాధ్యత ప్రభుత్వానిది."

శనివారం పొద్దున మేస్త్రీలు వచ్చారు. గోడ పడిన చోట టాంటీ పీట వేసుకుని చేపలు బాగుచేస్తోంది. పక్కనే కాలికి కట్టుతో అల్సీడ్ కూర్చుని ఉన్నాడు.

"లే టాంటీ, ఇటుకలు పేర్చాలి" అన్నాడు పెద్ద మేస్త్రీ.

"పేర్చుకో నాయనా. నా ఒళ్లోంచి మొదలెట్టు."

మేస్త్రీ ఇటుక కింద పెట్టేశాడు. అతిథులు టిఫిన్లు వదిలేసి వచ్చి చుట్టూ మూగారు. విట్‌కోంబ్ దొర నా చేతిలో ఫోను పెట్టి మంత్రిగారితో మాట్లాడమన్నాడు.

"సార్, టాంటీ లేవనంటోంది."

"అతిథులేం చేస్తున్నారు?"

"ఫొటోలు తీస్తున్నారు సార్. పక్కన కూర్చోబెట్టి పిల్లలక్కూడా తీస్తున్నారు."

ఫోనులో కనబడలేదు గానీ, ఆయన చెవులు కదిలే ఉంటాయి.

"లేపొద్దు. టికెట్టు పెట్టండి."

ఆ మాటే టాంటీకి చెప్పాను.

"లేపొద్దన్నాడా? థియో నోటితోనే అన్నాడా?"

"అన్నారు."

టాంటీ కత్తి కింద పెట్టింది. సముద్రం వైపు తిరిగి, రెండు చేతులూ నోటికి అడ్డంపెట్టుకుని కేకేసింది.

"ఒరేయ్, అన్ని పడవలూ తెచ్చెయ్యండ్రా!"