మంట ఆర్పిన మీట

నైజర్ డెల్టాలోని మా ఊరి గ్యాస్ మంటను శుక్రవారం సాయంత్రం స్వహస్తాలతో ఆర్పేస్తానని మంత్రి డీకెడీ గారు రేడియోలో ప్రకటించారు. నేను కాపురానికి రాకముందు నుంచీ చమురు బావి పక్కన, చమురుతో పాటు వచ్చే గ్యాస్‌ను వృథాగా కాల్చేసే ఆ మంట పగలూ రాత్రీ మండుతూనే ఉంది. దాని వేడికే కర్రపెండలం ఎండబెట్టుకుంటాం. దాని పొగకే దగ్గుతాం. అంతటి మంటను ఆర్పడం మామూలు మనుషుల వల్ల అవుతుందా?

మంత్రిగారికి పూలగుత్తి ఇవ్వడానికి మా అమ్మాయి ఎబిమేనేను ఎంపిక చేశారు. పిల్లకి పడుకుంటే ఊపిరి ఈల వేస్తుంది. ఆగిపోతుందేమోనని నేను ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంటాను. మంటకు దూరంగా ఉంచమంది డాక్టరమ్మ. ఎక్కడ ఉంచను?

మంత్రిగారి సహాయకుడు బోమా వచ్చాడు.

"ఎబిమేనే వాళ్లమ్మా, టీవీ వాళ్లొస్తారు. పిల్ల దగ్గకూడదు."

"మంట ఆగితే దగ్గూ ఆగుతుంది కదా బాబూ?"

"ముందు మీరు దగ్గు ఆపండి. మంట సంగతి సార్ చూసుకుంటారు."

ఎంత ముందుచూపు!

శుక్రవారం మంటకీ వేదికకీ మధ్య మంత్రిగారి పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని వెనకున్న మా కర్రపెండలం చాపలు తీసెయ్యమన్నాడు బోమా.

"ఈ ఒక్క పూటే అమ్మా. రేపు మళ్లీ ఇక్కడే ఎండబెట్టుకోండి."

"ఏ వేడికి నాయనా?" అంది పక్కింటి టిమీ పిన్ని.

బోమా వాచీ చూసుకున్నాడు.

చీకటి పడుతుండగా మంత్రిగారు వచ్చారు. ఎబిమేనే పెదాలు బిగించి పూలిచ్చింది. ఆయన మీట నొక్కారు. వేదిక మీద ఎర్ర బల్బు ఆరి, పచ్చ బల్బు వెలిగింది. చప్పట్లు! అంతలో పచ్చదీ ఆరిపోయింది, మైకూ ఆగిపోయింది.

"జనరేటర్‌లో డీజిల్ లేదు సార్," అన్నాడు బోమా.

"చమురు బావి పక్కన డీజిల్ లేదేమిటయ్యా?"

"అదంతా ఎగుమతికి సార్."

మంత్రిగారు ఏమాత్రం కంగారు పడలేదు.

"ఆ ఫ్లెక్సీ పక్కకి లాగండి. స్పీచ్ కనపడటం లేదు."

లాగారు. కాగితం మీద మంట ఎర్రటి వెలుగు పరుచుకుంది. అక్షరం తడబడకుండా ఆయన చదివారు:

"ఈ క్షణం నుంచి మీ ఊళ్లో మంట లేదు!"

అందరం చప్పట్లు కొట్టాం. ఎబిమేనే కళ్లనిండా నీళ్లతో నా చెయ్యి లాగింది.

"అమ్మా, ఇక దగ్గొచ్చా?"