ఏడో స్తంభం

అంథీరా నగరసభకూ ప్రజలకూ ఇలా తోచింది: అపోలోకు కట్టబోయే కొత్త గుడికి ముందువైపు ఏడు స్తంభాలు నిలబెట్టాలి. నది అవతల క్రోమావాళ్ల గుడికి ఉన్నవి ఆరే.

ఆ ఏడాది సిసిలీ దీవి మొత్తం మీద ఇంతకన్నా లోతైన దైవచింతన ఎక్కడా వెలువడలేదు. తీర్మానం ప్రతిపాదించిన సభానాయకుడు జెనార్కోస్ మెట్లు దిగుతుంటే ముందువరసలో ఒక ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. కంట్లో దుమ్ము పడిందని తర్వాత చెప్పుకున్నాడు గాని, అది ఆయన వినయం.

పౌరులు కూర్చునే చోటు చుట్టూ కట్టిన తాడుకు ఇవతల నిలబడి ఇదంతా విన్నవాళ్లలో రాతిమేస్త్రీ లైకోన్ ఒకడు. నాక్సోస్ నుంచి వచ్చి పదకొండేళ్లయినా అతను పరాయివాడే. పరాయివాళ్లు సభను వినవచ్చు, మాట్లాడకూడదు, చెయ్యెత్తకూడదు. భార్య పోయినప్పుడు ఊరిబయట పరాయివాళ్ల వరసలో పూడ్చి, చట్టప్రకారం 'పరాయివాడైన లైకోన్ భార్య' అని రాతిమీద తనే చెక్కాడు. అక్షరాలు చక్కగా కుదిరాయి. అటువైపు వెళ్లినప్పుడల్లా ఆ మొదటిమాట దగ్గర చూపు తిప్పుకునేవాడు.

తీర్మానం చివర ఒక దయగల వాక్యం ఉంది: దేవుడు కొత్త ఇంట్లోకి ప్రవేశించిన రోజున మేస్త్రీ లైకోన్ ఈ ఊరి పౌరుడవుతాడు. అతనికి ఇంక వేరే ఏమీ అక్కర్లేదు.

కాని ఆ సాయంత్రం ఇంటికి పోయి, ఇసుకలో ఏడు గులకరాళ్లు పేర్చి చూసుకుని, మర్నాడు జెనార్కోస్ గుమ్మం ముందు నిలబడ్డాడు.

"అయ్యా, ఆరుంటే మధ్యలో ఖాళీ వస్తుంది. ఎనిమిదున్నా ఖాళీయే వస్తుంది. ఏడైతే మధ్యలో స్తంభం వస్తుంది."

"వస్తే?"

"తలుపుండేది మధ్యలోనే కదయ్యా. దేవుడు లోపల నిలబడి, తలుపులోంచి తూర్పున ఉన్న బలిపీఠాన్ని చూడాలి. మనం బలి ఇచ్చేది బయట. ఆయన చూడకపోతే ఎవరికి ఇచ్చినట్టు?"

జెనార్కోస్ అత్తిపండు ఒకటి నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని ఆలోచించాడు. "మంచి ప్రశ్న. సభలో అడుగు."

"సభలో నేను మాట్లాడకూడదు."

"పౌరుడివయ్యాక అడుగుదువుగాని."

"పౌరుణ్ణయ్యేది గుడి పూర్తయ్యాక కదయ్యా."

"చూశావా? దారి ఉండనే ఉంది," అన్నాడు జెనార్కోస్, భుజం తట్టి.

పాత గుడి పడగొట్టారు. అపోలోను లైకోన్ రాళ్లు చెక్కుకునే పాకలోకి మార్చారు. ఆ దేవుడు మామూలు విగ్రహం కాదు. ఈ ఊరి పూర్వీకులు సముద్రం దాటివచ్చిన ఓడ తెరచాప కొయ్యనే నిలువునా దేవుడిగా చెక్కుకున్నారు. అంత పొడవుకి పాక చాలక, కప్పు రెల్లు తొలగించి తల బయటికి పెట్టారు. పూజారిణి మిర్తో రోజూ తెల్లవారకముందే వచ్చి దీపం పెట్టేది. వాన వస్తే నిచ్చెనెక్కి ఆయన తలకు గడ్డిటోపీ తొడిగేది.

పాత గుడిలోకి మిర్తో తప్ప ఎవరూ వెళ్లేవారు కారు. పాకకు తలుపే లేదు. ఆడవాళ్లు తేనె రాసిన బార్లీరొట్టె తెచ్చి దేవుడి పాదాల దగ్గర పెట్టి, చేతులు పైకెత్తి ప్రార్థించి, పోతూ పోతూ మేస్త్రీకి ఒక ముక్క ఇచ్చేవారు. జ్వరం వచ్చిన పిల్లను ఒకావిడ ఆ కొయ్యకు ఆనించి నిద్రపుచ్చింది. పిల్ల లేచేదాకా లైకోన్ సుత్తి పట్టుకోలేదు.

"రెండొందల ఏళ్లలో ఆయన మనుషుల్ని ఇంత దగ్గరగా చూడలేదు నాయనా," అనేది మిర్తో. "నువ్వేం తొందరపడకు."

తొందరంతా సభది. గుడిపని మీదే ఉన్నా లైకోన్ తీర్మానాల రాళ్లు కూడా చెక్కాలి. సభ ఒక పూటలో ముగుస్తుంది, రాయి చెక్కడానికి మూడు రోజులు పడుతుంది. ఈ ఆలస్యం పాలనకు మంచిది కాదని జెనార్కోస్ ఒక ఏర్పాటు చేశాడు. పైన 'సభకూ ప్రజలకూ ఇలా తోచింది' అనీ, కింద 'అందరూ చేతులెత్తారు, ఎత్తనివారు లేరు' అనీ ముందే చెక్కించి, మధ్యలో ఖాళీ ఉంచి, పన్నెండు రాళ్లు సిద్ధం చేయించాడు. విషయం దొరికినప్పుడు నింపుకోవచ్చు.

నాయకుడి ఎన్నిక దగ్గర పడ్డందువల్ల, దేవుణ్ణి లోపలికి చేర్చకముందే ఏడో స్తంభం లేచింది, దానిమీద దూలం కూర్చుంది. జెనార్కోస్ గెలిచాడు.

ప్రవేశం రోజున నలభైమంది దేవుణ్ణి పడుకోబెట్టి మోసుకొచ్చారు. స్తంభానికీ తలుపుకీ మధ్య జాగా పది అడుగులు. దేవుడు ఇరవై అడుగులు. ఇరుకు సందులో పందిరిమంచం తిప్పినట్టు పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా తిప్పారు. కాళ్లు లోపలికి పోతే తల స్తంభానికి తగిలింది. తల ముందు పెడితే కాళ్లు తగిలాయి. కమిటీ వేశారు.

కమిటీ మూడు రోజులు స్తంభం నీడలోనే కూర్చుని పనిచేసింది. మోకాళ్ల దగ్గర కోసి లోపల అతికిద్దామన్నాడు ఒకాయన. అతికేదాకా దీపం ఏ ముక్క ముందు పెట్టాలని మిర్తో అడిగితే, అది తమ పరిధిలోకి రాదన్నారు. వెనకగోడ పగలగొడతానని లైకోన్ కబురు పంపాడు. దేవుడు దొడ్డిదారిన వస్తే క్రోమావాళ్లు నవ్వరా అని జవాబొచ్చింది. మధ్యస్తంభం తీసేస్తే ఆరు మిగులుతాయి కదా అని ఒక సభ్యుడు నసిగాడు. ఆయన ఆరోగ్యం బాగాలేదని అందరూ గుర్తించి ఇంటికి పంపారు.

నాలుగో రోజు సభకూ ప్రజలకూ ఇలా తోచింది: దేవుడు లోపలే ఉన్నాడు. అందరూ చేతులెత్తారు. అనుమానం లోపలికి దూరకుండా తలుపుకు తాళం వేశారు. మోసుకొచ్చిన కొయ్యను మళ్లీ పాకలో నిలబెట్టారు. బయట గొర్రెలను కోసి అందరూ తిన్నారు. ఇంత వేగంగా గృహప్రవేశం చేసిన దేవుడు చరిత్రలో లేడు. ఆ సాయంత్రమే లైకోన్ పౌరుడయ్యాడు.

నెల తిరిగాక మొదటి సభ. లైకోన్ ఉతికిన అంగీ వేసుకుని తాడు దాటాడు. దాటాక ఒకసారి వెనక్కి తిరిగి తాడు చూసుకున్నాడు.

జెనార్కోస్ లేచాడు. దేవుడు గుడిలో ఉండగా మేస్త్రీ పాకలో ఆయన్ను పోలిన పాత కొయ్య ఒకటి నిలబడి భక్తులను అయోమయంలో పడేస్తోందనీ, అమాయకులు దానికి రొట్టెలు కూడా పెడుతున్నారనీ బాధపడ్డాడు. కలప మాత్రం గట్టిది. దాన్ని కోయించి సభలో వక్తలు నిలబడే వేదిక చేయించుకోవాలని ప్రతిపాదించాడు.

చేతులు లేచాయి. అవి దిగాక లైకోన్ ఒక్కడూ నిలబడి చెయ్యెత్తాడు.

"నాకు సమ్మతం కాదు."

కార్యదర్శి వంగి, పక్కనున్న రాయి చూశాడు.

"లైకోన్, కింది వరస చెక్కింది నువ్వే కదూ?" అన్నాడు.

"నేనేనండీ."

"ఏముందక్కడ?"

లైకోన్ చదవక్కర్లేదు. "ఎత్తనివారు లేరు."

"చాలా బాగా చెక్కావు," అన్నాడు జెనార్కోస్ మెచ్చుకోలుగా. "కొత్త కదా, అలవాటవుతుంది. కూర్చో."

కూర్చున్నాడు. సభ ముగిశాక ఉలి తీసుకుని ఊరిబయటికి వెళ్లి, భార్య రాతిమీద 'పరాయివాడైన' అనే మాట చెరిపేశాడు. 'అంథీరా పౌరుడైన' అని చెక్కుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. చాలాసేపు కూర్చుని, ఏమీ చెక్కకుండానే లేచాడు. 'లైకోన్ భార్య' అని మిగిలింది. అంత చాలు.

మరుసటి నెల జెనార్కోస్ కొత్త వేదిక ఎక్కాడు. క్రోమావాళ్లు తొమ్మిది స్తంభాలు మొదలుపెట్టారన్న వార్త చెప్పి, మనం పదకొండుకు వెనకాడబోమని ప్రకటించాడు. అంతలో చినుకులు మొదలయ్యాయి.

తాడు ఇవతల ఆడవాళ్లలోంచి మిర్తో కదిలింది. తాడెత్తి లోపలికి వచ్చింది. పూజారిణిని ఎవరూ ఆపలేదు. వేదిక దగ్గర వంగి, గడ్డిటోపీని ఆ పలకల మీద జాగ్రత్తగా ఉంచింది.

తను తడవకూడదని తెచ్చిందనుకున్నాడు జెనార్కోస్. టోపీ తీసి తలకు పెట్టుకున్నాడు.

మిర్తో, పాకలో దేవుడి ముందు ఎత్తినట్టే, ఆ పలకల ముందు రెండు చేతులూ పైకెత్తింది. లైకోన్ ఎత్తాడు. సభంతా ఎత్తింది. కార్యదర్శి లెక్కపెట్టకుండానే పదకొండు స్తంభాలు రాసుకున్నాడు.