సీలు వేసిన నవ్వు

ఆ ఉదయం ఫ్రేములమ్మ పెద్ద పనులేమీ పెట్టుకోలేదు. షాపు నేల కడగడం, ఆరాక తలుపు తీయడం, డ్రైవర్ బాబాయ్ ఫోటో ఆయన చేతికివ్వడం, మధ్యాహ్నం కాస్త నడుం వాల్చడం. ఫోటోలకు అద్దాలు బిగించే ఆ చిన్న షాపును భర్త పోయాక ఒంటిచేత్తో నడుపుతోంది. వీధిలో అందరూ ఆమెను ఫ్రేములమ్మ అనే పిలుస్తారు.

డ్రైవర్ బాబాయ్ షాపు తెరిచేదాకా ఆగలేకపోయాడు. ఆయన బస్సు నడిపినంత కాలం ఒక్క యాక్సిడెంటు కూడా చేయని మనిషి. సగం ఎత్తిన షట్టర్ కింద నుంచి వంగి లోపలికొచ్చాడు. ఫ్రేములమ్మ చేతిలో తడిగుడ్డ పక్కన పడేసి, ఆయన ఫ్రేమును కాగితంలోంచి తీసి ఇచ్చింది.

అది ఆయన భార్య ఫోటో. ఆవిడ పోయి ఏడాది కూడా కాలేదు. కెమెరా ముందు నిలబడితే చాలు, ఎవరో తిట్టినట్టు మొహం పెట్టే మనిషట. డిపో వాళ్ళంతా కుటుంబాలతో ఏటి ఒడ్డుకు వెళ్ళిన రోజున ఎవరో చెప్పకుండా తీసిన ఈ ఒక్కదాంట్లోనే పళ్ళు కనపడేలా నవ్వింది. తీసినవాడూ లేడు, నెగెటివూ లేదు.

"వెలుతుర్లో చూస్తానమ్మా" అంటూ బాబాయ్ ఫోటో మీదనుంచి కన్ను తీయకుండా వెనక్కి నడిచాడు. కాలు జారింది. మోచెయ్యి తగిలి అద్దాల బీరువా భళ్ళుమంది, బక్కెట్టు తిరగబడింది, ఆ నీళ్ళలో ఫ్రేము పడి అద్దం పగిలింది. అన్నిటికన్నా చివర ఆయన పడ్డాడు.

ఫ్రేములమ్మ ఆయన్ని లేవదీసి కూర్చోబెట్టింది. మణికట్టు అప్పటికే వాచిపోతోంది. ఆస్పత్రికి ఆటో పిలవమని అల్లుడికి ఫోన్ చేయడమే ఆ రోజు ఆమె చేసిన పొరపాటు. అల్లుడు ఒక కంపెనీలో లాయరు. ఆటోకన్నా ముందు తనే వచ్చి వాలాడు.

బాబాయ్‌ని ఆస్పత్రికి పంపించాక, అత్తగారిని స్టూలు మీద కూర్చోబెట్టాడు.

"ఆయనతో ఏమన్నారు అత్తయ్యగారూ? సారీ అన్నారా?"

"అనబోతుంటే నువ్వొచ్చావు బాబూ."

"దేవుడు మన పక్షాన ఉన్నాడు. ఇక అనకండి. షాపులోకి అడుగుపెట్టినవాళ్ళకి దెబ్బ తగలకుండా చూసే బాధ్యత మీది. నేల తడిగా ఉంచి జాగ్రత్త చెప్పలేదంటే అది నిర్లక్ష్యం. మీ నిర్లక్ష్యం వల్లే చెయ్యి విరిగిందని తేలితే నష్టపరిహారం కింద ఈ షాపు పోతుంది. మీరు సారీ అంటే అవతలివాళ్ళు రుజువు చేయాల్సింది ఇంకేం మిగలదు."

ఫ్రేములమ్మ నీళ్ళలోంచి ఫ్రేము తీసి, వెనక మేకులు ఊడదీయబోయింది. అల్లుడు చెయ్యి పట్టుకున్నాడు.

"అది సాక్ష్యం. తాకకూడదు."

"తడిసిన ఫోటో బాబూ. ఇప్పుడే విడదీసి ఆరబెట్టకపోతే అద్దానికి అంటుకుపోతుంది."

"విడదీస్తే సాక్ష్యం తారుమారు చేశారంటారు. అది ఇంకా ప్రమాదం."

అల్లుడు ఫ్రేమును ఉన్నదున్నట్టు ప్లాస్టిక్ సంచిలో పెట్టి, టేపు చుట్టి, సీలు వేసి, సొరుగులో పెట్టి తాళం తనే పట్టుకెళ్ళాడు.

మర్నాటికల్లా గుమ్మంలో 'నేల తడిగా ఉన్నది, జాగ్రత్త' అని బోర్డు నిలబెట్టాడు. నేల పొడిగానే ఉంది. ఆ బోర్డు కాలికి తగిలి పాలావిడ తూలిపడబోయింది. దాంతో 'బోర్డు ఉన్నది, జాగ్రత్త' అని గోడకు ఇంకోటి వచ్చింది. అది చదవడానికి తలెత్తిన పోస్ట్‌మాన్ కాలు జారకుండా అల్లుడు కొత్తగా పరిచిన పట్టా అంచు తన్నుకున్నాడు. పట్టా కోసం మూడోది. వారం తిరక్కుండా షాపులో ఫోటోలకన్నా హెచ్చరికలు ఎక్కువయ్యాయి. పురిటిబిడ్డ ఫోటో కట్టించుకుందామని వచ్చిన ఒక తల్లి 'లోపలికి వచ్చువారు తమ పూచీపై రావలెను' అన్నది చదివి, బిడ్డను గుండెకు హత్తుకుని అటునుంచటే వెళ్ళిపోయింది.

అప్పుడొచ్చాడు డ్రైవర్ బాబాయ్, కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకుని. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"అమ్మా, ఆ ఫోటో ఒకసారి..."

ఎలా ఉంది బాబాయ్‌గారూ అని అడగాలనుంది ఆమెకు. ఆ మాట కూడా అనకూడదన్నాడు అల్లుడు. పట్టా వైపు చూస్తూ, "మా అల్లుడితో మాట్లాడండి" అంది. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది.

ఆయన పగిలిన బీరువా వైపు చూశాడు. "సరేనమ్మా" అని వెళ్ళిపోయాడు. వీధి మలుపు తిరిగేదాకా ఆమె చూస్తూనే ఉంది. ఆ రోజు అన్నం సయించలేదు.

నెల తిరగకుండా ఆయన తరఫున లాయరు నోటీసు వచ్చింది. అల్లుడు దాన్ని పండగలా చదివాడు. "నేను చెప్పలేదూ" అన్నాడు. జవాబు పంపాడు. దానికి జవాబొచ్చింది. ఈ లాయరు ఖండించాడు, ఆ లాయరు ఖండనను ఖండించాడు. చివరికి కోర్టు దాకా పోకుండా మాట్లాడుకుందామని అవతలి లాయరు గదిలో నలుగురూ కూర్చున్నారు. ఫ్రేములమ్మ షాపు పోయినట్టేనని మనసులో అనేసుకుంది.

"మా క్లయింటు ఎలాంటి నష్టపరిహారం చెల్లించరు" అన్నాడు అల్లుడు.

"మా క్లయింటు కూడా చెల్లించరు" అన్నాడు అవతలి లాయరు.

డ్రైవర్ బాబాయ్ గొంతు సవరించుకున్నాడు.

"నేను కింద చూసుకోకుండా నడిచి నీ బీరువా పగలగొట్టానమ్మా. తెరవకుండానే దూరాను కూడా. క్షమించమని అడుగుదామనే కట్టుతో వచ్చాను ఆ రోజు. నువ్వు మొహం తిప్పుకున్నావు. కేసు పెడతావని మా వాళ్ళు భయపెట్టి, నోరు విప్పొద్దన్నారు. నాకేమీ వద్దు తల్లీ. మా ఆవిడ బొమ్మ ఇప్పించు."

అల్లుడు కాగితాలు తిరగేశాడు. అందులో ఏమీ దొరక్కపోయేసరికి సాక్ష్యంగా వెంట తెచ్చిన ఫ్రేము సంచి బయటికి తీసి సీలు విప్పాడు.

ఫ్రేములమ్మ ఫ్రేమును ఒళ్ళో పెట్టుకుంది. మేకులు ఒక్కొక్కటే ఊడదీసి, అట్ట తీసి, ఫోటో అంచున గోరు పెట్టి ఊపిరి బిగబట్టి ఎత్తింది. ఏరు వచ్చింది, ఒడ్డు వచ్చింది, చీర కుచ్చెళ్ళు వచ్చాయి. మొహం రాలేదు. అది రంగు మరకగా అద్దానికే ఉండిపోయింది.

"నన్ను క్షమించండి బాబాయ్‌గారూ" అంది ఆమె. అల్లుడు ఆపలేదు.

ఆయన తెల్లగా మిగిలిన చోటు మీద బొటనవేలితో మెల్లగా నిమిరాడు. "పోన్లే అమ్మా" అన్నాడు. "ఫోటో తీస్తామంటే దానికి ఎప్పుడూ కోపమే."

ఎవరికీ ఎలాంటి నష్టమూ జరగలేదని లాయర్లిద్దరూ కాగితం తయారుచేసి, ఇద్దరి చేతా సంతకాలు చేయించారు.