ఇప్పతోపు దాటిన ఎలుగుబంటి

ఒక పెద్ద అడవిలో ఒకే ఒక్క పొడి గుహ ఉండేది. వానాకాలంలో మిగతా గుహలన్నీ కారేవి, ఇది మాత్రం లోపల చుక్క పడనిచ్చేది కాదు. అడవి పెద్దల కన్నంతా దాని మీదే. ఈ కథలో ఎవరెంత ధర్మం మాట్లాడినా సరే, మీరు ఆ గుహను మాత్రం మరిచిపోకండి.

ఆ అడవిలోనే గుబురయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. మంచివాడే. తేనెపట్టు దొరికితే పక్కవాడికి పెట్టకుండా తినేవాడు కాదు. కానీ వేసవి మొదట్లో ఇప్పపూలు రాలడం మొదలైందంటే అతను అతనుగా ఉండేవాడు కాదు. రాలిన పూలు బండల గుంటల్లో పడి, నీళ్లలో నాని, పులిసి, ఘాటుగా వాసన కొట్టేవి. ఆ గుంటలో మూతి పెట్టాడంటే అడుగు కనిపించేదాకా లేచేవాడు కాదు.

పోయిన వేసవిలో అలాగే పూటుగా తాగి, కూతురు చిట్టిని వీపు మీద ఎక్కించుకుని నీళ్లకు బయలుదేరాడు. దారిలో తూలాడు. పిల్ల బండ మీద పడి ముందుకాలు విరిగింది. కాలు అతుక్కుంది గానీ నడకలో కుంటు మిగిలిపోయింది.

భార్య నల్లమ్మ అరవలేదు. పిల్లను తన వీపు మీద వేసుకుని వాగు అవతలికి వెళ్లిపోతూ ఒక్క మాట అంది.

"వచ్చే పూలకాలం తాగకుండా గడుపు. అప్పుడు వాగు దగ్గరికి రా. పిల్లను నీ వీపు మీద నేనే ఎక్కిస్తాను. గడపలేకపోతే మాత్రం నీ మొహం చూపించకు."

గుబురయ్య ఏడ్చాడు. ఎలుగుబంటి ఏడిస్తే చూడ్డానికి ఏమీ బాగోదు, అయినా ఏడ్చాడు. గడుపుదామనే ఉంది అతనికి. చిక్కల్లా ఏమిటంటే, వాగుకు దారి ఒక్కటే. అది సరిగ్గా ఇప్పతోపు మధ్యలోంచి పోతుంది.

పూలు రాలే రోజులు దగ్గరపడేసరికి భయమేసి అడవి సభకు వెళ్లాడు.

సభకు అధ్యక్షులు గుడ్లగూబ గారు. సభ పగలు జరిగేది కాబట్టి ఆయన నిద్రలోనే అధ్యక్షత వహించేవారు. తల వాలిస్తే ఒప్పుకున్నట్టు, వాల్చకపోతే ఆలోచిస్తున్నట్టు.

"అయ్యా, నాకు తాగుడు వదలడం లేదు," అన్నాడు గుబురయ్య చేతులు కట్టుకుని. "నాకు పెద్దగా ఏమీ అక్కర్లేదు. పొద్దున్నే నీళ్లకు పోయేటప్పుడు ఆ తోపు దాటేదాకా ఎవరైనా నా పక్కన నడవండి. ఒక్కణ్ణే పోతే కాళ్లు గుంటల వైపే లాగుతున్నాయి."

తోడేలు గారు ఛాతీ విరుచుకుని లేచారు. అడవిలో క్రమశిక్షణ ఆయన శాఖ.

"ఇది శుద్ధ పొగరు! ఎవరైనా ఇతని నోరు తెరిచి పోశారా? తనే వంగాడు, తనే తాగాడు. ఆ పొడి గుహను జైలు చేసి, లోపల పడేసి, అడ్డంగా రాయి పెడితే తిక్క కుదురుతుంది. పాపం కాపలాకు ఎవరా అంటారా, ఆ గుహలో నేను సర్దుకుంటాను."

కొంగ వైద్యులు గారు ఒంటికాలి మీద నిలబడి మెడ సాగదీశారు.

"ఎంత మోటు మాట! ఇది రోగం, మెదడుకు పట్టిన రోగం. రోగిని తిట్టడం అనాగరికం. ఆ పొడి గుహలో ఆసుపత్రి పెట్టాలి. రోగికి మెత్తటి గడ్డి, వైద్యుడికి పూటపూటా తాజా చేప. పెద్ద వైద్యుడిగా ఎవరుండాలో నా నోటితో నేను చెప్పుకోను."

"పొగరు!"

"రోగం!"

గుబురయ్య భయం భయంగా చెయ్యెత్తాడు. "అయ్యా, ఏదైనా కావచ్చు. రెండూ కావచ్చు. రేపు పొద్దున నాతో ఎవరు నడుస్తారు?"

"ముందు నువ్వేమిటో తేలాలి కదయ్యా," అన్నారు కార్యదర్శి కొండముచ్చు గారు. "రోగివైతే నీ పక్కన నర్సు నడవాలి. నేరస్థుడివైతే జవాను నడవాలి. ఏదీ తేలకుండా ఎవరో ఒకరు నడిచేస్తే అది షికారు అవుతుంది. షికార్లకు సభ అనుమతి ఇవ్వదు."

గుడ్లగూబ గారి తల వాలింది. చర్చ వాయిదా పడింది.

గుబురయ్య అడిగినదానికి గుహ అక్కర్లేదు. అందుకే అది ఎవరి చెవికీ ఎక్కలేదు.

మర్నాడు పొద్దున అతను ఒక్కడే బయలుదేరాడు. తోపు ఇంకా కనపడకముందే వాసన వచ్చి ముక్కు పట్టుకుంది. కాళ్లు ఆగిపోయాయి. వెనక గలగలమని ముళ్ల చప్పుడైంది. చూస్తే సూదమ్మ, ముసలి ముళ్లపంది. నోటి దురుసుకు ఆ చుట్టుపక్కల పెట్టింది పేరు.

"దారికి అడ్డంగా ఏమిట్రా ఆ నిలబడటం? నడువు!"

"అవ్వా, నాకు తోడు వస్తున్నావా?"

"నీకు తోడు రావడానికి నువ్వేమైనా నా మేనల్లుడివా? నాకూ దాహం ఉంది, నాకూ ఇదే దారి. గుంటల వైపు నేను నడుస్తాను. నా మీదికి ఒరిగావంటే గుచ్చుకుంటాయి, తర్వాత నన్ననకు."

ఒరిగాడు. గుచ్చుకున్నాయి. కుయ్యోమని ఎగిరి దారిలో పడ్డాడు. అలా ఎగురుతూ, మూలుగుతూ ఆ పూట తోపు దాటాడు. మర్నాడూ దాటాడు. ఆ వేసవంతా ఆ ఇద్దరిదీ అదే వరస.

ఒకసారి మాత్రం సూదమ్మకు మోకాలు వాచి రాలేకపోయింది. గుబురయ్య ఎదురుచూసి ఎదురుచూసి ఒక్కడే వెళ్లాడు. పొద్దు నెత్తిమీదికి వచ్చేసరికి గుంట పక్కన బోర్లా పడి ఉన్నాడు. తెలివి వచ్చాక సిగ్గుతో చచ్చిపోయాడు. మర్నాడు ఇంట్లోంచి కదల్లేదు.

సూదమ్మ కుంటుకుంటూ వచ్చి గుమ్మం ముందు నిలబడింది. "నీళ్లకు రావా?"

"నిన్న తాగాను అవ్వా."

"తెలుస్తూనే ఉంది, ఇక్కడిదాకా కంపు కొడుతున్నావు. లే, పోదాం."

"తిట్టవా?"

"తిట్టడమంటే నాకు మహా ఇష్టం. దారిలో తిడతాను."

తిట్టింది కూడా. తోపు దాటాక గుబురయ్య మెల్లగా అడిగాడు. "అవ్వా, నాది రోగమంటావా, పొగరంటావా?"

"నేనూ ఒకప్పుడు తాగినదాన్నేరా. ఏ పేరు పెడితే నోరూరడం మానుతుందో నాకైతే ఇప్పటికీ తెలియలేదు. ఈ తోపు ఒంటరిగా దాటాలంటే నాకూ భయమే. మరి నీ వెంట ఎందుకు పడ్డాననుకున్నావు, నీ అందం చూసా?"

గుబురయ్య ఒక్కసారి తాగిన కబురు సభకు అందింది. చూశారా పొగరు అన్నారు తోడేలు గారు. చూశారా రోగం అన్నారు కొంగ గారు. ఇద్దరికీ మహా సంతోషమైంది.

అప్పుడు కొండముచ్చు గారికి ఒక ఆలోచన వచ్చింది. "ఇప్పపువ్వు రుచి తెలియకుండా ఇప్పపువ్వు మీద చర్చేమిటి? క్షేత్ర పరిశీలన జరగాలి."

సభ మొత్తం గంభీరంగా మొహాలు పెట్టుకుని తోపుకు కదిలింది. మనోబలం ఉన్నవాడు తాగి కూడా ఆగగలడని చూపించడానికి తోడేలు గారు ఒక గుంట ఖాళీ చేశారు. నమూనా తీయడానికి కొంగ గారు ముక్కు ముంచి, సాయంత్రం దాకా తీయలేదు. నిద్రలో ఉన్న గుడ్లగూబ గారికి కొండముచ్చు గారే దొప్పతో పట్టించారు. మర్నాడు నమూనా చాల్లేదన్నారు. ఆ మర్నాడు సభను శాశ్వతంగా తోపుకే మార్చారు.

రోజూ పొద్దున్నే వీళ్ల పక్కనుంచే గుబురయ్య, సూదమ్మ నీళ్లకు పోయేవారు. వాళ్లను పలకరించే తీరిక పెద్దలకు ఉండేది కాదు.

చివరికి పూలు రాలడం ఆగింది. నల్లమ్మను కలుద్దామని గుబురయ్య ఒళ్లు దులుపుకుని, సూదమ్మతో బయలుదేరాడు. తోపు మధ్యలో కొండముచ్చు గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగు! నీ సంగతి తేలింది. గుహ సగం జైలు, సగం ఆసుపత్రి. పొద్దున తోడేలు గారు శిక్షిస్తారు, సాయంత్రం కొంగ గారు వైద్యం చేస్తారు. లోపల ఉండేవాడే తక్కువ. పద."

"అయ్యా, నేను తాగడం లేదు."

సభలో గగ్గోలు పుట్టింది.

"రోగమైతే వైద్యుడు లేకుండా తగ్గదు!" అన్నారు కొంగ గారు.

"పొగరైతే శిక్ష లేకుండా అణగదు!" అన్నారు తోడేలు గారు.

"రెండూ లేకుండా మానేశావంటే నీకసలు తాగుడే లేదన్నమాట," అని తేల్చారు కొండముచ్చు గారు. "లేని బాధ చెప్పి పెద్దలను ఇంతకాలం కష్టపెట్టావు. కాదంటావా, ఇదిగో, మా ముందు తాగి నిరూపించుకో."

దొప్ప నిండా ఇప్పసారా తెచ్చి గుబురయ్య మూతి కింద పెట్టారు.

వాసన తలకెక్కింది. నాలుక దానంతటదే బయటికి వచ్చింది. గుబురయ్య సూదమ్మ వైపు చూశాడు. ఆ ముసలిది ఇంకాస్త దగ్గరికి జరిగి నిలబడింది. ముల్లు ఒకటి చురుక్కుమంది.

"నాకు ఇప్పుడు కూడా నోరూరుతోందయ్యా," అన్నాడు గుబురయ్య. "తగ్గిపోయిందని నేననలేదు. ఇవాళ తాగనంటున్నాను, అంతే."

దొప్పను నేల మీద బోర్లించి దారి పట్టాడు.

"పట్టుకోండి వాణ్ణి!" అని అరిచి తోడేలు గారే లేచారు. లేచి, తూలి, గుంటలో కూర్చున్నారు. కొంగ గారు ఒంటికాలి మీద నిలబడబోయి వెల్లకిలా పడ్డారు. సభంతా పకపకా నవ్వింది. తోడేలు గారికి రోషం వచ్చింది.

"నవ్వుతారేం? నాది రోగం! రోగిని చూసి నవ్వడం అనాగరికం!"

"నాకే రోగమూ లేదు!" అన్నారు కొంగ గారు పడుకునే. "తలుచుకుంటే రేపే మానేస్తాను!"

వాగు ఒడ్డున నల్లమ్మ నిలబడి ఉంది. గుబురయ్య నీళ్లలో దిగి, మధ్యలోనే ఆగి, తల దించుకున్నాడు.

"ఒకరోజు తాగాను నల్లమ్మా. నీకు అబద్ధం చెప్పలేను."

"తెలుసు. ఆ రోజు నువ్వు నీళ్లకు రాలేదు." నల్లమ్మ గొంతు గరుగ్గానే ఉంది. "మర్నాడు వచ్చావు. ఆ ముసలమ్మ తిట్లు ఇవతలి ఒడ్డుకు వినపడ్డాయి. అంత సిగ్గులోనూ లేచి వచ్చావు కదా, అది చూశాను."

పిల్లను ఎత్తి అతని వీపు మీద పెట్టింది. చిట్టి రెండు చేతులా బొచ్చు గట్టిగా పట్టుకుంది. పిల్ల ఇంకా భయపడుతోందని గుబురయ్యకు తెలిసింది. అడుగులో అడుగు వేసుకుంటూ ఇంటి వైపు నడిచాడు.

తోపులో చిట్టి అడిగింది. "నాన్నా, వీళ్లంతా ఎందుకు పడుకున్నారు?"

"చర్చిస్తున్నారమ్మా."

గుంటలోంచి తోడేలు గారి గొంతు సన్నగా వినిపించింది. "గుబురయ్యా... రేపు పొద్దున నన్ను కూడా కాస్త తోపు దాటిస్తావా?"

గుబురయ్యకు ఒళ్లు మండింది. జైలు, రాయి, కాపలా అన్నీ గుర్తొచ్చాయి. కానీ ఆ గొంతు ఎలాంటిదో అతనికి బాగా తెలుసు.

"పొద్దున్నే రా. సూదమ్మ పక్కన నడవాలి. ఒరిగితే గుచ్చుకుంటాయి మరి."

"అభ్యంతరం!" అని కొండముచ్చు గారు కొమ్మ మీంచి అరిచారు. "తోడేలు గారిది రోగమో పొగరో సభ ఇంకా తేల్చలేదు!"

గుడ్లగూబ గారి తల వాలింది.

నీతి: తనది రోగమో పొగరో పెద్దలు తేల్చకముందే బాగుపడటం మర్యాద కాదు.