ముక్కు పెట్టె కేసు

“నేరస్థులు రెండు రకాలు,” అన్నాడు పాక్ ముర్జితో అనే పెద్దాయన, వెనింగ్ ఇంటి అరుగు మీద కాలు మీద కాలు వేసుకుని. “నాకు దొరికిపోయినవాళ్లు ఒక రకం. నేనింకా వెతకడం మొదలుపెట్టనివాళ్లు రెండో రకం. మూడో రకం ఈ భూమ్మీద పుట్టలేదు.”

“మొదటి రకం ఎంతమంది ఉన్నారు పాక్ ముర్?” అని అడిగింది వెనింగ్.

“ప్రస్తుతానికి ఖాళీగా ఉంది. అందుకే ఈ కేసు ఒప్పుకుంటున్నాను.”

ఎవరూ ఆయనకు కేసు ఇవ్వలేదు. జోగ్జా నగరంలో నది ఒడ్డునున్న ఆ ఇరుకు సందులో ఆయనకు ఎవరూ ఎప్పుడూ ఏ కేసూ ఇవ్వలేదు. ముప్పై ఒక్క ఏళ్లు ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్లు చదివి రిటైరైన మనిషి. ఇతరుల ఇళ్లలోకి తొంగిచూసే అలవాటు మిగిలిపోయింది, చూడటానికి మీటర్లు లేకుండా పోయాయి. దాంతో డిటెక్టివ్ అయ్యాడు.

వెనింగ్‌కు మాత్రం నవ్వే ఓపిక లేదు. ఆ సందులో పద్దెనిమిది వంటిళ్లలో ఆమె తన చేతులతో చేసి ఈ మధ్యనే బిగించిన పెట్టెలున్నాయి. అరచేతిలో పట్టే తెల్ల పెట్టె. వంటగ్యాస్ గాలికన్నా బరువు, నేలబారున పాకుతుంది గనక దాన్ని మోకాలి ఎత్తులో గోడకు బిగిస్తారు. లోపల వాసన పట్టే ముక్కు ఒకటి, ఆ ముక్కు పట్టినదాన్ని అంకెగా మార్చి చూసుకునే చిన్న బుర్ర ఒకటి. అంకె నాలుగు వందలు దాటిందా, పెట్టె కూతపెట్టి, వైఫై మీదుగా పద్దెనిమిది ఇళ్ల ఫోన్లకూ కబురు పంపుతుంది. గోడకు గోడ అతుక్కున్న ఇళ్లు, ఒక ఇంట్లో మంట లేస్తే పక్కింటివాళ్లు పారిపోవడానికి కూడా చోటుండదు. జనం దాన్ని ముద్దుగా ముక్కు అంటారు.

పోయినేడు వెనింగ్ వాళ్లమ్మ బు తినా టోఫు వేయిద్దామని స్టవ్ వెలిగించింది. సిలిండర్ దగ్గర ఎప్పటినుంచో లీకు ఉందని ఆమెకు తెలియదు. రెండు చేతులూ కాలాయి. ఆ కబురు విని వెనింగ్ బాతామ్ దీవిలో ఆరేళ్ల ఫ్యాక్టరీ ఉద్యోగం వదిలేసి వచ్చేసింది. ఎనిమిది నెలలు కూర్చుని ఈ పెట్టె చేసింది.

ఇప్పుడు సందులో అందరికీ అవ్వ అయిన ఎంబా సార్తి వంటింట్లో ముక్కుకు ఏదో పట్టుకుంది. గురువారం ఒకసారి, శుక్రవారం రెండుసార్లు కూతపెట్టింది. పద్దెనిమిది ఇళ్లవాళ్లూ పరిగెత్తుకొచ్చారు. లీకు లేదు. వెనింగ్ ఆ పెట్టె విప్పి చూసింది, బాగానే ఉంది. తన ఇంట్లోది తెచ్చి బిగించింది. అదీ కూసింది.

పేట పెద్ద పాక్ సుబర్జో నెమ్మదైన మనిషి, గొంతు పెంచడు. తన ఇంట్లో మాత్రం ఇంకా ముక్కు పెట్టించుకోలేదు. “ఈ పెట్టెలు ఉంచాలా వద్దా అని పోయిన వారం అనుకున్న మీటింగు, ఆదివారం తొమ్మిదింటికి ఎంబా ఇంట్లోనే పెడదాం,” అన్నాడు. “ఆలోపు ఇది ఊరికే ఇంకోసారి మోగిందంటే పద్దెనిమిదీ పీకేద్దాం అమ్మాయ్. ఊరికే మోగేదాన్ని నమ్మడం మానేస్తారు. నిజంగా లీకైన రోజున ఎవడూ లేవడు.”

ఆయన అన్నది నిజం. అదే ఆమెకు ఎక్కువ బాధనిపించింది.

“ఇది హ్యాకర్ల పని,” అన్నాడు ముర్జితో. “అంతర్జాతీయ ముఠా.”

“ఎంబా సార్తి వంటింటితో వాళ్లకేం పని?”

“పనిలేని చోట పని పెట్టుకున్నాడంటే వాడు ఎంత పనిమంతుడో ఆలోచించు. పద, సాక్షుల్ని విచారిద్దాం.”

*

ఎంబా సార్తికి డెబ్బై ఎనిమిదేళ్లు. సందులో సగంమందికి పురుడు పోసింది ఆవిడే, కాబట్టి అందరినీ తిట్టే హక్కూ ఆవిడకే ఉంది. రోజూ పొద్దున్నే ఆవిడ గొంతుకే సందు నిద్ర లేస్తుంది. అలాంటి మనిషి ఆ శనివారం వాళ్లను చూసి ఒక్క ముక్క మాట్లాడలేదు. పెదాల మీద వేలు పెట్టి, గుమ్మం వైపు చూపించింది.

‘నా మీద కోపం వచ్చింది, ముసలామెను మూడుసార్లు హడలగొట్టాను’ అనుకుంది వెనింగ్.

ముర్జితో మీటర్లు చదివిన రోజుల్లోని టార్చి తీసి ఎంబా ముఖం మీద వేశాడు. పట్టపగలు.

“ముక్కు మోగిన సమయంలో మీరెక్కడున్నారు?”

ఎంబా నడవాలో చాప వైపు చూసింది.

“నిద్రపోతున్నారన్నమాట. వంటింటి కిటికీ?”

ఎంబా రెండు అరచేతులూ దగ్గరగా మూసింది.

“రోజూ మధ్యాహ్నం కిటికీ మూసి పడుకుంటారు. మూసిన గది. లోపల ఎవరూ లేరు. అయినా నేరం జరిగింది!” ముర్జితో కళ్లు మెరిశాయి. “ఈ మధ్య మీ వంటింట్లోకి కొత్త మనిషెవరైనా చొరబడ్డారా?”

ఎంబా ఆయన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

“నేను కాకుండా,” అన్నాడు ముర్జితో.

వంటింట్లోకి వెళ్లి వంగి బల్ల కింద చెయ్యి పెట్టబోయాడు. టపీమని గరిటె దెబ్బ పడింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని నోట్‌బుక్కులో రాసుకున్నాడు: ‘అనుమానితురాలి వద్ద ఆయుధం కలదు.’

పక్కింట్లో అడిగితే ఆ ఇంటావిడ ఆకాశం వైపు చూసి, “వాన వచ్చేలా ఉంది పాక్,” అంది. రెండో ఇంట్లో ఆవిడ ఉన్నట్టుండి బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. మూడో ఇంట్లో మొగుడు, “ఎంబా వంటింట్లోనా? ఏముంటుంది? అన్నం...” అంటుండగానే పెళ్లాం ఆయన కాలు తొక్కింది.

“చూశావా?” అన్నాడు ముర్జితో సందు చివర నిలబడి, గొంతు తగ్గించి. “సందంతా నోళ్లు కుట్టేసుకున్నారు. ముఠా ఆడవాళ్లందరినీ బెదిరించింది. ఇంత భయం నేను ఎప్పుడూ చూడలేదు, ఒక్క బిల్లు ఇచ్చే రోజున తప్ప.”

“నన్ను చూసి మాట్లాడటం మానేశారు పాక్ ముర్,” అంది వెనింగ్. “నా పెట్టె వద్దని నా ముఖం మీద చెప్పలేక.”

“భావోద్వేగం వద్దు. నేను ఉన్నాను.”

అది విన్నాక ఆమెకు భయం ఇంకాస్త పెరిగింది.

*

ఆదివారం తొమ్మిదింటికి ఎంబా నడవా నిండిపోయింది. బు తినా మూలన కూర్చుంది, మచ్చలు తేలిన చేతుల్ని ఒళ్లో దాచుకుని. పొద్దున్నే ఎంబా ఇంటికి కొత్త సిలిండర్ వచ్చింది, ఆకుపచ్చది, అందరూ పుచ్చకాయ అని పిలిచే చిన్న రకం. ఇంతమందికి టీ పెట్టాలి కదా. పాక్ సుబర్జో స్క్రూడ్రైవర్ తెచ్చుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అది కనబడకుండా పెట్టుకోవాలని కూడా ఆయనకు తోచలేదు.

“మొదలుపెడదామా,” అని ఆయన నోరు తెరిచాడో లేదో, వంటింట్లో ముక్కు కూతపెట్టింది. వెంటనే నడవాలో పద్దెనిమిది ఫోన్లూ ఒక్కసారి మోగాయి. ఎవరూ పరిగెత్తలేదు. ఒక్కొక్కరే తీరిగ్గా ఫోన్ తీసి దాని నోరు నొక్కేశారు. కొందరు వెనింగ్‌ను చూసి జాలిగా తల ఊపారు.

పాక్ సుబర్జో లేచి జేబులో చెయ్యి పెట్టాడు.

“ఆగండి!” ముర్జితో చెయ్యెత్తాడు. “ఎవరూ కదలకండి. నేరస్థుడు ఈ ఇంట్లోనే ఉన్నాడు. ఇంకో నిమిషంలో ముసుగు తీసేస్తాను. చలించిపోయే మనసున్నవాళ్లు బయటికి వెళ్లవచ్చు.”

ఎవరూ వెళ్లలేదు. టీ ఇంకా రాలేదు.

“వాడు ఈ వంటింట్లో నిలబడి, ఇదిగో ఇలా,” అంటూ ముర్జితో వంటింట్లోకి వెనక్కి వెనక్కి నడిచాడు, చూపుడువేలు జనం వైపే పెట్టి, “అడుగులో అడుగు వేసుకుంటూ...”

మూడో అడుగుకు బల్ల తగిలింది. బల్ల విరిగింది. కింద గుడ్డ కప్పిన పెద్ద బేసిన్ ఉంది, అందులో అరటాకులు పరిచి ఉన్నాయి, ముర్జితో ఆ అరటాకుల మధ్య కూర్చున్నాడు. తెల్లగా మెత్తబడిన కర్రపెండలం ముక్కలు గోడ దాకా ఎగిరాయి. తియ్యటి, మత్తు మత్తు వాసన ఇల్లంతా కమ్మేసింది. ముక్కు ఇంకా గట్టిగా కూయడం మొదలుపెట్టింది.

ఆడవాళ్లందరూ ఒక్కసారే “అయ్యో!” అన్నారు.

“నా తపే!” అని అరిచింది ఎంబా సార్తి. బుధవారం తర్వాత ఆవిడ నోటినుంచి వచ్చిన మొదటి మాట అది. రెండో మాట ఆలస్యం చేయలేదు. “ఒరేయ్ ముర్, నీ నడుం విరగా! పురిట్లో నిన్ను తలకిందులుగా పట్టుకున్నప్పుడే అనుకున్నాన్రా వీడికి ఏదో తక్కువైందని!”

సంగతి అప్పటికి మగవాళ్లకు తెలిసింది. కర్రపెండలం ఉడకబెట్టి, ఈస్ట్ పొడి చల్లి, మూడునాలుగు రోజులు చీకట్లో పులియబెడితే తపే అవుతుంది. అది పండేదాకా పెట్టినావిడ ఊసులాడకూడదు, దాని మాట ఎత్తకూడదు, మూత తీసి చూడకూడదు. మాట్లాడితే పులిసి పాడవుతుందని ఆ సందు ఆడవాళ్లకు గట్టి నమ్మకం. తెలిసినవాళ్లు నోరు మూసుకుంటారు, మగవాళ్లకు తెలియనే తెలియదు. ఎవరూ చెప్పరు గనక. ఆరేళ్లు ఊళ్లో లేని వెనింగ్‌కూ తట్టలేదు.

“అంతా ఈ పిల్ల కోసమే,” అంది ఎంబా, ముక్కు చీదుతూ. “మీటింగుకొచ్చిన వాళ్ల నోళ్లు తీపి చేస్తే దీని పెట్టెలు ఉండనిస్తారేమోనని. నాలుగు రోజులు నోరు కట్టుకున్నాను. ప్రాణం పోయినంత పనైంది.”

వెనింగ్‌కు కళ్లనిండా నీళ్లు వచ్చాయి. అంతలోనే ఇంకోటి తట్టింది. ఫోన్ తీసి ముక్కు చూపిస్తున్న అంకె చూసింది. ఆరు వందల ఎనభై.

“పాక్ ముర్, ఒకసారి లేచి పెరట్లోకి వెళ్లండి.”

ముర్జితో అరటాకులతో సహా వెళ్లాడు. అంకె దిగింది.

“లోపలికి రండి.”

అంకె లేచింది.

“మళ్లీ వెళ్లండి.”

“నా ఉనికికే యంత్రం స్పందిస్తోంది,” అన్నాడు ముర్జితో జనంతో, ఒళ్లంతా తపే కారుతుండగా. ఆయన అలా నాలుగుసార్లు వెళ్లి వచ్చాడు. ప్రతిసారీ ఇంకాస్త గర్వంగా వచ్చాడు.

“తపే ఆవిరి,” అంది వెనింగ్. “పులిసేటప్పుడు సారా లాంటి ఆవిరి వస్తుంది. కిటికీ మూస్తే గదిలో నిండిపోతుంది. నా ముక్కుకు అదీ గ్యాసూ ఒకటే.”

“కేసు ముగిసింది!” అన్నాడు ముర్జితో.

“ముగిసింది,” అన్నాడు పాక్ సుబర్జో, జాలిగానే. “తపేకీ గ్యాసుకీ తేడా తెలియని ముక్కు మన వంటిళ్లలో ఎలా పనికొస్తుంది అమ్మాయ్? ఈ సందులో తపే పెట్టని ఇల్లు లేదట కదా, ఇవాళే తెలిసింది.” స్క్రూడ్రైవర్ తీశాడు.

వెనింగ్ తన తల్లి వైపు చూడలేక తల వంచుకుంది. ఆడవాళ్లు బేసిన్ బయట పెట్టారు, నేల తుడిచారు, కిటికీ తెరిచారు. పెట్టె మాత్రం సన్నగా కూస్తూనే ఉంది. ఇంకా వాసన పోలేదులే అనుకున్నారు అందరూ.

“పోనీ, టీ అయినా తాగి వెళ్దురు గాని,” అని ఎంబా స్టవ్ వైపు నడిచింది.

“తప్పుకోండి ఎంబా!” ముర్జితో అడ్డం వచ్చాడు. తన ఘనవిజయం మీద ఎవరూ చప్పట్లు కొట్టలేదని ఆయనకు ఒళ్లు మండుతోంది. “ఇంత పెద్ద నేరం ఒక్క బేసిన్ వల్ల కాదు. తోడుదొంగ ఉంది. ఘటనాస్థలానికి మూరెడు దూరంలో, అంతా చూస్తూ నిలబడి, ఏమీ ఎరగనట్టు నటిస్తున్నది ఎవరు?” ఆయన వేలు ఆకుపచ్చ సిలిండర్ మీద ఆగింది. “పైగా దీనికి చెమట పట్టింది.”

“ఒరేయ్, అది పొద్దున్నే వచ్చిందిరా!”

“పొద్దున్నే వచ్చింది. ఇవాళే. ఈ మీటింగు రోజునే. ఎంత చక్కగా కుదిరిందో చూశారా?”

ఎవరు వద్దన్నా వినకుండా గొట్టం ఊడదీసి, సిలిండర్‌ను రెండు చేతులా కౌగిలించుకుని, అరెస్టు చేసి పెరట్లోకి మోసుకెళ్లాడు.

వంటింట్లో కూత ఆగిపోయింది.

వెనింగ్ ఫోన్ చూసింది. మూడు వందలు. రెండు వందలు. తొంభై. ఆమె పరుగున పెరట్లోకి వెళ్లి, సబ్బు నురగ చేసి సిలిండర్ మెడ మీద పోసింది. నురగ బుడగలు బుడగలుగా పొంగింది. మూతి దగ్గరుండే రబ్బరు వాషర్ సగం చిరిగిపోయి ఉంది.

గ్యాస్ వాసన అప్పటికే అందరికీ తగిలింది. పొద్దున సిలిండర్ మార్చినప్పటి వాసనేలే అనుకున్నవాళ్లు కొందరు, తపే పాడైందనుకున్నవాళ్లు కొందరు. అందరూ ఎంబా వైపు చూశారు. ఎంబా తన కుడిచేతి వైపు చూసుకుంది. అందులో అగ్గిపెట్టె ఉంది.

బు తినా లేచి వచ్చి, మచ్చల చేతులతో ఆ అగ్గిపెట్టె తీసుకుంది. పాక్ సుబర్జో స్క్రూడ్రైవర్ వెనింగ్ చేతికిచ్చాడు.

“మా ఇంట్లో ఒకటి బిగించు అమ్మాయ్,” అన్నాడు. “ఇవాళే.”

పెరట్లో ముర్జితో సిలిండర్ పక్కన కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. గ్యాస్ దుకాణంవాడు వచ్చేదాకా నిందితురాలు పారిపోకూడదు కదా. చుట్టూ చేరిన మగవాళ్లకు కేసు వివరిస్తూ, మొదటి రకం నేరస్థుల సంఖ్య ఇప్పుడు రెండుకు చేరిందని చెప్పుకున్నాడు.

వెనింగ్ మాత్రం వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది. “ఎంబా, తపే పెట్టానని ఒక్క సైగైనా చేయకపోయారా? ఈ మూడు రోజులు నేను చచ్చిపోయాను.”

“నువ్వు పెట్టె బిగించిన రోజున,” అంది ఎంబా, “గోడ కొలిచావు, వైఫై కొలిచావు. ఈ వంటింట్లో ఏమేం చేస్తారు ఎంబా అని ఒక్క మాట అడిగావుటే?”

అడగలేదు. పద్దెనిమిది ఇళ్లలో ఒక్క ఇంట్లోనూ అడగలేదు. వెనింగ్ పెరట్లోకి వెళ్లి ముర్జితో ఒళ్లోంచి నోట్‌బుక్కు లాక్కొచ్చి, తడి నేల మీదే బాసిపట్టు వేసుకుని కూర్చుంది.

“చెప్పండి ఎంబా. పొద్దున లేచిన దగ్గర్నుంచి.”

నాలుగు రోజుల మాటలు కడుపులో దాచుకున్న మనిషి. కొంగు నడుముకు దోపుకుని మొదలుపెట్టింది. మధ్యాహ్నం నమాజు పిలుపు వినబడేసరికి, ఎంబా ఇంకా పొద్దున ఎండురొయ్యలు వేయించే దగ్గరే ఉంది.